కెర్నల్‌ను కొత్త ప్రాసెసర్ మీదికి మార్చే ముందు: ఫైనలియర్ పిల్లలకు కొన్ని జాగ్రత్తలు

"అన్నా, ఈసారి ప్రాజెక్టుకి ఎక్స్‌వీ6ని ఆర్మ్ మీదికి పోర్ట్ చేద్దామనుకుంటున్నాం" అని విజయనగరంలో ఇద్దరు ఫైనలియర్ పిల్లలు మొన్న వచ్చి చెప్పారు. చాలా సంతోషం వేసింది. పోర్ట్ చెయ్యడం అంటే ఒక రకం ప్రాసెసర్ కోసం రాసిన కోడ్‌ను ఇంకో రకం మీద నడిచేలా మార్చడం. ఆర్మ్ అంటే మన ఫోన్లలో ఎక్కువగా ఉండే రకం ప్రాసెసర్. ఎక్స్‌వీ6 అంటే ఎంఐటీలో 2006లో క్లాసు కోసం రాసుకున్న చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. 1975 నాటి యూనిక్స్ ఆరో వెర్షన్‌ను నమూనాగా పెట్టుకుని మొదట ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం ప్రాసెసర్లు) మీద రాశారు. 2019లో రిస్క్-ఫైవ్ అనే ఇంకో రకం ప్రాసెసర్‌కి మార్చారు. కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నేరుగా నడిపే దాని ముఖ్యభాగం, మొత్తం పదివేల లైన్ల లోపే. ఒక మనిషి మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివి అర్థం చేసుకోగలిగేంత చిన్నది.

చిన్నదే కదా అని తేలిగ్గా దిగొద్దు. ఎర్రర్ చూపించి ఆగిపోయే కోడ్‌తో పెద్ద ఇబ్బంది లేదు, దాన్ని ఎలాగోలా సరిచేసుకుంటారు. పాత ప్రాసెసర్ మనకు చెప్పకుండా చేసిపెట్టిన పనులు కొన్ని ఉంటాయి. కోడ్‌లో ఎక్కడా రాసి ఉండవు. కొత్త ప్రాసెసర్ వాటిని చెయ్యదు. నెలల టైమ్ పోయేది వాటి దగ్గరే. కాబట్టి మొదటి లైను రాయకముందే వాటిని వెతికి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

అక్టోబర్ రాకముందే

మన జిల్లాల్లో ప్రాజెక్టు పని ఊపందుకునేది సరిగ్గా తుఫాన్ల నెలల్లో. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. నెట్ సంగతి సరే సరి. అందుకే కావాల్సినవన్నీ ముందే ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి. ఉబుంటులో రిస్క్-ఫైవ్, ఆర్మ్ క్రాస్ కంపైలర్లు (మన ల్యాప్‌టాప్ మీదే వేరే ప్రాసెసర్‌కి కోడ్ తయారుచేసేవి) రెండూ, క్యూఈఎంయూ (వేరే మెషిన్‌ను ల్యాప్‌టాప్‌లో అనుకరించేది), జీడీబీ మల్టీఆర్క్ (కోడ్‌ను ఆపి ఆపి నడిపించి చూసే డీబగ్గర్) ప్యాకేజీలు దొరుకుతాయి. ప్రాసెసర్ మాన్యువల్ పీడీఎఫ్ కూడా ఉండాలి. ఆర్మ్‌ది వేల పేజీలు, అంతా చదవక్కర్లేదు. ఎక్సెప్షన్లు, మెమరీ ట్రాన్స్‌లేషన్, మెమరీ ఆర్డరింగ్ అధ్యాయాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుంటే చాలు. గిట్ రిపోజిటరీ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి స్నేహితుడి మెషిన్‌లో ఉంచండి.

పాత రిస్క్-ఫైవ్ కోడ్ ఉన్నదున్నట్టుగా నడుస్తున్న ఒక కాపీ ఎప్పుడూ పక్కన ఉండాలి. దాన్ని ముట్టుకోవద్దు. ఆర్మ్ వైపు ఏదైనా వింతగా అనిపిస్తే, అదే చోట పాతది ఏం చేస్తోందో జీడీబీలో పక్కపక్కన పెట్టి చూడాలి.

ముందు మాట రావాలి

పేజ్ టేబుళ్లు (ప్రోగ్రామ్ వాడే అడ్రస్‌ను అసలు మెమరీ అడ్రస్‌కి మార్చే పట్టికలు), షెడ్యూలర్ (ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు నడవాలో చూసేది) జోలికి ముందే వెళ్లొద్దు. సీరియల్ పోర్ట్ మీద ఒక్క అక్షరం పంపించండి. క్యూఈఎంయూలోని వర్ట్ అనే ఊహా మెషిన్‌కి రిస్క్-ఫైవ్‌లో యూఆర్ట్ (సీరియల్ పోర్ట్‌ను నడిపే చిప్) అడ్రస్ హెక్స్‌లో 10000000, ర్యామ్ మొదలయ్యేది 80000000 దగ్గర. ఆర్మ్ వర్ట్ మెషిన్‌లో యూఆర్ట్ 09000000, ర్యామ్ 40000000. చిప్ కూడా వేరే: అక్కడ 16550, ఇక్కడ పీఎల్011. లింకర్ స్క్రిప్టులో (కోడ్ మెమరీలో ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఫైలు), మెమరీ లేఅవుట్ హెడర్‌లో ఈ రెండు అడ్రస్‌లూ సరిపోయి, స్టాక్ పాయింటర్ 16 బైట్ల హద్దు మీద ఉంటే స్క్రీన్ మీద మీ మొదటి అక్షరం కనిపిస్తుంది. ఆ తర్వాత ఏ పని చేసినా చిన్న చిన్న అడుగులుగా, అడుగుకొక కమిట్ చొప్పున చెయ్యండి.

కంపైలర్ విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. 64 బిట్ ఆర్మ్‌కి జీసీసీ కంపైలర్ మామూలు సి కోడ్‌లోనే ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లను వాడేస్తుంది. మీరు ఎక్కడా దశాంశ సంఖ్య రాయకపోయినా సరే, ఒక స్ట్రక్చర్‌ను కాపీ చెయ్యడానికి కూడా వాడొచ్చు. బూట్ సమయంలో ఆ రిజిస్టర్లకు అనుమతి ఉండదు కాబట్టి వెంటనే ట్రాప్ వస్తుంది, అంటే ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి కెర్నల్‌లోని ట్రాప్ కోడ్‌కి దూకుతుంది. జనరల్ రిజిస్టర్లు మాత్రమే వాడమని చెప్పే ఆప్షన్‌ను మేక్‌ఫైల్‌లో మొదటి రోజే పెట్టేయండి. పాత ఎక్స్86 ఎక్స్‌వీ6 నుంచి మొదలుపెట్టేవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. అక్కడ అడ్రస్‌లు 32 బిట్ల పూర్ణాంకాల్లో ఉంటాయి, 64 బిట్లలో సగం తెగిపోతాయి. అలాగే క్యారెక్టర్ టైపు అక్కడ రుణ విలువలు తీసుకుంటుంది, ఆర్మ్‌లో, రిస్క్-ఫైవ్‌లో మామూలుగా తీసుకోదు. సున్నా కంటే తక్కువా అని క్యారెక్టర్‌ను అడిగే పోలికలన్నీ వెతికి పట్టుకోండి. బైట్ల వరుస గురించి మాత్రం టెన్షన్ వద్దు, మనం వాడే మెషిన్లన్నీ లిటిల్ ఎండియన్‌గానే (సంఖ్యలో చిన్న విలువ బైటు ముందు) నడుస్తాయి.

పైకి కనిపించని చోట్లు

ఇది నాకు జరిగింది. నా మొదటి పోర్ట్‌లో కెర్నల్ లేచింది, మొదటి యూజర్ ప్రోగ్రామ్ ఇనిట్ దాకా వెళ్లింది, అక్కడ కుప్పకూలింది. రెండు రోజులు పేజ్ టేబుల్‌నే అనుమానించాను. తప్పు అక్కడ లేదు. రిస్క్-ఫైవ్‌లో యూజర్ ప్రోగ్రామ్ కెర్నల్‌ను పిలవడానికి ఈకాల్ చేస్తే, హార్డ్‌వేర్ దాచిపెట్టే అడ్రస్ ఆ ఈకాల్ ఇన్‌స్ట్రక్షన్‌దే. తిరిగి వెళ్లేముందు దానికి 4 కలపాలి, ఎక్స్‌వీ6 అలాగే కలుపుతుంది. ఆర్మ్‌లో అదే పనికి ఎస్‌వీసీ చేస్తే దాచేది దాని తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్. నేను పాత లైను తియ్యకుండా ఇక్కడా 4 కలిపాను. సిస్టమ్ కాల్ స్టబ్‌లో (కెర్నల్‌ను పిలిచి వెనక్కి వచ్చే చిన్న ఫంక్షన్) ఎస్‌వీసీ తర్వాత ఉండేది రిటర్న్. అది ఎగిరిపోయింది. దాంతో ఓపెన్ పిలిస్తే, పని అయ్యాక వెనక్కి రాకుండా కిందున్న తర్వాతి స్టబ్‌లోకి, దాని నుంచి ఆ తర్వాతిదాంట్లోకి వరసగా జారుకుంటూ పోయింది. జీడీబీలో ఒక్కొక్క ఇన్‌స్ట్రక్షన్ నడిపించి చూశాకే తెలిసింది. అందుకే ట్రాప్ కోడ్‌లో ప్రతి లైను పక్కన "ఇది ఎందుకు ఉంది" అని రాసుకోండి. కారణం తెలియని లైనును కొత్త మెషిన్‌లోకి మొయ్యొద్దు.

యూజర్, కెర్నల్ మధ్య మారడానికి వాడే ట్రాంపోలిన్ పేజీ కూడా అలాంటిదే. రిస్క్-ఫైవ్‌లో పేజ్ టేబుల్‌ను చూపించే రిజిస్టర్ ఒక్కటే కాబట్టి, యూజర్ నుంచి కెర్నల్‌కి మారేటప్పుడు రెండు పక్కలా ఒకే అడ్రస్‌లో ఉండే పేజీ కావాల్సి వచ్చింది. ఆర్మ్‌లో అడ్రస్‌లలో కింది సగానికి ఒకటి, పై సగానికి ఒకటి, రెండు రిజిస్టర్లు ఉన్నాయి. కెర్నల్‌ను పై సగంలో పెట్టుకుంటే ఆ ఏర్పాటే అక్కర్లేదు. పేజ్ టేబుల్ ఎంట్రీలో యాక్సెస్ ఫ్లాగ్ పెట్టడం మర్చిపోవద్దు. మిగతా బిట్లన్నీ సరిగ్గా ఉన్నా అదొక్కటి లేకపోతే ఫాల్ట్ వస్తుంది. ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ ప్రాసెసర్‌కి ఇచ్చే పిలుపు) తీసుకున్నాక పని అయిపోయిందని కంట్రోలర్‌కి తిరిగి చెప్పాలి. చెప్పకపోతే టైమర్ ఒక్కసారి మోగి ఇక మోగదు.

క్యాష్ (ప్రాసెసర్ దగ్గరుండే చిన్న వేగమైన మెమరీ), మెమరీ ఆర్డరింగ్ (మెమరీ రాతలు ఏ వరుసలో కనిపిస్తాయనేది) వీటన్నిటికంటే ఎక్కువ భయపెట్టేవి. ఎందుకంటే క్యూఈఎంయూలో ఇవి బయటపడవు. అది క్యాష్‌ను అనుకరించదు. పైగా మన ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా ఎక్స్86వి, మెమరీ రాతల వరుసను గట్టిగా పాటించేవి. దాంతో ఆ వరుసను ఖాయం చేసే బ్యారియర్ ఇన్‌స్ట్రక్షన్ మర్చిపోయిన కోడ్ కూడా అక్కడ చక్కగా నడిచేస్తుంది. అసలు బోర్డు మీద ఎగ్జెక్ సిస్టమ్ కాల్ కొత్త ప్రోగ్రామ్‌ను మెమరీలో రాస్తే, అది డేటా క్యాష్‌లోనే ఉండిపోవచ్చు. ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ పాత చెత్తను నడుపుతుంది. అక్కడ డేటా క్యాష్‌ను శుభ్రం చేసి, ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌ను చెల్లకుండా చేసి, బ్యారియర్లు పెట్టాలి. పేజ్ టేబుల్ మార్చాక టీఎల్‌బీ (పేజ్ టేబుల్ ఎంట్రీలను గుర్తుపెట్టుకునే క్యాష్) ఖాళీ చేసే చోట్లా బ్యారియర్లు కావాలి. ఈ చోట్లన్నీ బోర్డు కొనకముందే మీ నోట్‌బుక్‌లో ఉండాలి.

స్పిన్‌లాక్‌ది (ఒక కోర్ వాడుతుంటే మిగతావి ఆగి చూసే తాళం) ఇంకో సంగతి. ఎంఎంయూ (పేజ్ టేబుళ్లను వాడి అడ్రస్‌లు మార్చే హార్డ్‌వేర్) ఆన్ చెయ్యకముందు ఆర్మ్ మెమరీని మామూలు ర్యామ్‌లా కాక డివైస్ మెమరీగా చూస్తుంది. అప్పుడు లాక్ కోసం వాడే ఎక్స్‌క్లూజివ్ ఇన్‌స్ట్రక్షన్లు బోర్డు మీద ఎప్పటికీ సఫలం కాకపోవచ్చు. ఎక్స్‌వీ6లో ప్రింట్ ఫంక్షన్ లాక్ తీసుకుంటుంది. అంటే బూట్ మొదట్లో ఏం జరుగుతోందో చూద్దామని మీరు పెట్టిన ప్రింటే మెషిన్‌ను ఆపేస్తుంది. తొలి దశకు లాక్ లేని చిన్న ప్రింట్ ఫంక్షన్ విడిగా రాసుకోండి.

బోర్డు కొనేవాళ్లకు

క్యూఈఎంయూలో షెల్ వచ్చి, యూజర్‌టెస్ట్స్ (ఎక్స్‌వీ6తో వచ్చే పరీక్షల ప్రోగ్రామ్) అన్నీ పాసయ్యేదాకా బోర్డు మీద డబ్బు పెట్టొద్దు. కొంటే రాస్ప్‌బెర్రీ పై 3 కంటే 4 నయం. వర్ట్ మెషిన్‌లో మీరు అలవాటు పడ్డ జిక్ ఇంటరప్ట్ కంట్రోలర్ 4లో ఉంది, 3లో లేదు. రెండిట్లోనూ క్యూఈఎంయూ ఇచ్చే వర్టియో ఊహా డిస్క్ ఉండదు కాబట్టి ఫైల్ సిస్టమ్‌ను ర్యామ్‌లోనే పెట్టుకోండి. రాస్ప్‌బెర్రీ పై మీద మీ కోడ్ ఈఎల్2 అనే అధికార స్థాయిలో మొదలవుతుంది, క్యూఈఎంయూ వర్ట్‌లో మామూలుగా దానికంటే కింది ఈఎల్1లో. ఏ స్థాయిలో ఉన్నామో రిజిస్టర్ చదివి తెలుసుకుని కిందికి దిగేలా రాయండి.

సీరియల్ కేబుల్ 3.3 వోల్టులదే తీసుకోండి. 5 వోల్టుల సిగ్నల్ తగిలితే పిన్నులు కాలిపోవచ్చు. పంపే వైరు అవతలి అందుకునే పిన్నుకి, అందుకునే వైరు పంపే పిన్నుకి, గ్రౌండ్ గ్రౌండ్‌కి. కేబుల్‌లోని ఎర్ర వైరును మాత్రం దేనికీ తగిలించకుండా టేపు చుట్టి పక్కన పెట్టండి, బోర్డుకి కరెంటు దాని సొంత అడాప్టర్ నుంచే రావాలి.

యూజర్‌టెస్ట్స్‌ను మొదట ఒకే కోర్ మీద, తర్వాత నాలుగు కోర్ల మీద రాత్రంతా మళ్లీ మళ్లీ నడపండి. పదిసార్లలో ఒకసారి మాత్రమే ఫెయిలైతే "పోనీలే" అనుకోవద్దు. ఏ టెస్టు, ఎన్ని కోర్లు, ఏ కమిట్ అనేది తారీఖుతో సహా రాసుకుని, ముందు దాని సంగతి తేల్చండి.