డిమెన్షియా ఉన్నవారు ఉన్నట్టుండి మారిపోతే: మాత్ర పెంచే ముందు చూడాల్సినవి

రెండు రోజుల్లోనే మనిషి మారిపోయారు

డిమెన్షియా నెలల మీద ముదురుతుంది, రెండు రోజుల్లో కాదు. హఠాత్తుగా ఇంట్లోవాళ్లను పోల్చుకోలేకపోయినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, పగలంతా మగతగా పడి ఉన్నా అది డెలీరియం (వేరే జబ్బు వల్లో, మందుల వల్లో మెదడు ఉన్నట్టుండి గందరగోళపడటం) కావచ్చు. ‘జబ్బు ముదిరింది, అంతే’ అని ఊరుకోకండి. వెనకున్న కారణం తరచూ నయమయ్యేదే.

ముందు జ్వరం, ఆయాసం చూడండి. మూడు రోజులుగా విరేచనం కాలేదా? పొత్తికడుపు గట్టిగా ఉబ్బి, మూత్రం రాకపోతే అది లోపల నిలిచిపోయి ఉండొచ్చు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈమధ్య కిందపడ్డారా? రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారికి పడిన కొన్ని వారాలకు కూడా తలలో రక్తం చేరవచ్చు. సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది.

నెల్లూరు, ఒంగోలు ఎండల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం మామూలే. పైగా బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్తాలిడోన్ వాడుతుంటే రక్తంలో సోడియం పడిపోవచ్చు. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), షుగర్ రక్తపరీక్షలు అదే రోజు చేయించండి.

ఆ తర్వాత మందుల సంచి మొత్తం డాక్టరు ముందు గుమ్మరించండి. జలుబుకు క్లోర్‌ఫెనిరమైన్, కడుపునొప్పికి డైసైక్లోమిన్, కాళ్ల మంటలకు అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేకపోతే ఆక్సీబ్యుటినిన్, వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్: ఇవన్నీ మెదడులో జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. డిమెన్షియాకు ఇచ్చే డోనెపెజిల్ పెంచేది ఆ ఎసిటైల్‌కోలిన్‌నే. రెండూ కలిపి ఇస్తే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. అలాగని చాన్నాళ్లుగా వాడుతున్నదాన్ని మీరే ఒక్కసారిగా ఆపకండి.

డోనెపెజిల్ మొదలుపెట్టాక వాంతులు, కళ్లు తిరగడం

5 మి.గ్రా.తో మొదలుపెట్టి, 4 నుంచి 6 వారాలు తట్టుకున్నాకే 10కి పెంచాలి. తొందరపడితే వికారం, విరేచనాలు. పీడకలలు వస్తే ఉదయం ఇవ్వొచ్చు. కళ్లు తిరిగి పడిపోతే నాడి చూడండి. నిమిషానికి 50 కన్నా తక్కువుంటే మరుసటి మోతాదు వేయకుండా ఈసీజీ తీయించాలి. అల్జీమర్స్‌లో దీని మేలు కొద్దిపాటిదే, పోయిన జ్ఞాపకం తిరిగి రాదు.

కొట్టడం, అరవడం, రాత్రిళ్లు తిరగడం

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. నోటితో చెప్పలేని నొప్పి కోపంగా బయటపడుతుంది: మోకాళ్లు, పన్ను, పుండు. 2011లో నార్వే వృద్ధాశ్రమాల్లో నొప్పికి పద్ధతి ప్రకారం వైద్యం చేస్తే అలజడి తగ్గింది; చాలామందికి పారాసిటమాల్ సరిపోయింది. కాలేయం బాగుంటే 500 మి.గ్రా. మూడు పూటలా ఇచ్చి చూడమని డాక్టరును అడగండి. పగటి నిద్ర తగ్గించండి, సాయంత్రమవగానే లైట్లన్నీ వేయండి, వినికిడి యంత్రం పెట్టండి.

రిస్పెరిడోన్ లాంటి యాంటీసైకోటిక్‌లు (తీవ్రమైన మానసిక జబ్బులకు వాడే మందులు) రోగికో, పక్కవారికో ప్రమాదం ఉన్నప్పుడే. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఇవి మరణాలు పెంచుతాయని 2005లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 0.25 మి.గ్రా.తో మొదలుపెట్టి, ఆరు వారాలకు అవసరం ఉందా అని మళ్లీ చూడాలి. మాట్లాడే తీరు, నడక బిగుసుకుపోయి, కళ్లముందు లేని మనుషులు కనిపిస్తున్నారంటే లూయీ బాడీ అనే రకం డిమెన్షియా కావచ్చు. వారికి ఇదే కోవకు చెందిన హాలోపెరిడాల్ ప్రాణాంతకం కావచ్చు.

తిండి మానేశారు

నోటిపూత, వదులైన కట్టుడు పళ్లు, మలబద్ధకం ముందు చూడండి. చివరి దశలో ముక్కులోంచో, పొట్టలోకో గొట్టం వేస్తే ఆయుష్షు పెరుగుతుందని గానీ, ఊపిరితిత్తుల్లోకి తిండి పోకుండా ఆగుతుందని గానీ ఆధారం లేదు. నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా పిసికిన పెరుగన్నం చిన్న చెంచాతో, ముద్ద మింగారో లేదో చూసుకుంటూ పెట్టండి. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి.