పగడాల తొట్టెలో పిలవని నత్త: ఎవరో తేల్చుకోవడం ఎలా

తిరుపతిలోని మా ఇంటి ఉప్పునీటి అక్వేరియం తొట్టెకు రాళ్లు, పగడాలు అన్నీ చెన్నై నుంచి వచ్చినవే. రాయి పగుళ్లలో దాక్కుని, డబ్బు కట్టని ప్రాణులూ కొన్ని వచ్చాయి. కొత్త నత్త కనబడగానే పీకి పారేయకండి. దీపాలు ఆర్పిన గంట తరువాత, ఎర్ర కాగితం చుట్టిన టార్చితో చూడండి. పెంకు ఉందా, దేని మీద కూర్చుంది? పెంకులేని సముద్రపు నత్తల్లో చాలావరకు తిండి దగ్గర మడి కట్టుకున్నవి. తమకు పడినది తప్ప మరొకటి ముట్టవు. అందుకే అది కూర్చున్న చోటే దాని విస్తరి.

జోయాంథిడ్ల గుత్తి విచ్చుకోవడం లేదు

జోయాంథిడ్లంటే పువ్వుల్లా గుత్తులుగా పెరిగే, పగడాలకు చుట్టాలైన ప్రాణులు. ముందు ఉప్పునీటి సాంద్రత 1.025 దగ్గర, వేడి 26 డిగ్రుల దగ్గర ఉన్నాయో లేదో చూడండి. పక్క గుత్తులు నిక్షేపంగా ఉండి, ఒక్కటే ముడుచుకుంటే నీటిని నిందించి లాభం లేదు. జోయాంథిడ్లను తినే నూడిబ్రాంక్‌ను, అంటే ఒక రకం పెంకులేని సముద్రపు నత్తను, అనుమానించాలి. సుమారు సెంటీమీటరు పొడవుంటుంది. తిన్న గుత్తి రంగే ఒంటికి పడుతుంది. వీపు మీది వేళ్లు పాలిప్ (గుత్తిలో పువ్వులా కనిపించే ఒక్కో ప్రాణి) అంచుల్లాగే ఉంటాయి. నేను మూడు రాత్రులు వెతికాను. నాలుగో రాత్రి, ముడుచుకున్న పాలిప్ అనుకున్నది మెల్లగా నడిచింది.

ఆ రాయిని బయటికి తీసి, ఉప్పు లేని ఆర్వో నీటిలో రెండు మూడు నిమిషాలు ముంచి ఆడించండి. నత్తలు రాలిపోతాయి. ఆ నీటి వేడి, పీహెచ్ తొట్టెతో సమానంగా ఉండాలి. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఎలా ఉంటాయో మన ఊరివారికి చెప్పనక్కరలేదు. థర్మామీటరు పెట్టకుండా ముంచితే పగడమే ఉడుకుతుంది. గుడ్లు ఈ స్నానానికి చావవు. కాండాల పక్కన, గుత్తి అడుగున తెల్లని చుట్టలుగా ఉంటాయి. పట్టకారుతో గీకి తీసేయాలి. వారానికోసారి చొప్పున నాలుగు వారాలు ఇదే పని. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కొన్ని జోయాంథిడ్లలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ఆ రాయిని మరిగించి శుభ్రం చేయాలనే ఆలోచన అసలు రానీయకండి, ఆ ఆవిరి పీల్చినవారు ఆసుపత్రి పాలవుతారు.

అద్దం మీద నల్లటి నత్త, వీపున గోరంత చిప్ప

ఇది స్టొమటెల్లా. నాచు తింటుంది, ఎవరి జోలికీ పోదు. పట్టుకుంటే బల్లిలా తోక వదిలేసి పారిపోతుంది. ఒక రాత్రి నీటిలోకి పొగ వదులుతున్నట్టు కనిపిస్తే కంగారు పడకండి, సంతానోత్పత్తి సంగతి అది.

ఆకుకూరలా ముడతలు పడిన పచ్చని నత్త

ఎలీసియా. నాచులోని హరితరేణువులను (పత్రహరితం ఉండే భాగాలను) ఒంట్లో దాచుకుని, వెలుతురుతో కొంత బతుకు గడుపుతుంది. దీనివల్ల మనకు ప్రమాదం లేదు, మన పంపు వల్లే దానికి ప్రమాదం. పీల్చే గొట్టానికి స్పాంజి తొడగండి. నాచు అయిపోతే ఆకలితో చస్తుంది, నాచు ఉన్న మరొకరికి ఇచ్చేయండి.

ఇసుక మీద తుప్పు రంగు మచ్చలు కదులుతున్నాయి

ఇవి నత్తలు కావు. కాగితమంత పలుచగా, తోక మూడు కొసలుగా చీలి ఉంటే చదునుపురుగులని పిలిచేవి. చూసీ చూడగానే మందు పోసేయడం పెద్ద పొరపాటు: వందలుగా ఒకేసారి చస్తే వాటి నుంచి వెలువడే విషం చేపలను తీసుకుపోతుంది. సన్నని గొట్టంతో రోజూ పీల్చి తీసి, సంఖ్య తగ్గాకే మందు. విషాన్ని పీల్చే కార్బన్, నీరు మార్చడానికి ముందే కలిపిన ఉప్పునీరు చేతికి అందేలా ఉంచుకోండి.

ఇవేవీ పోలకపోతే, వల పెట్టెలో ఆ నత్తనూ, అది కూర్చున్న ముక్కనూ కలిపి తొట్టెలోనే వేలాడదీయండి. ముక్క మీద కొరుకుడు గుర్తులు పడతాయేమో చూడండి. మా పెట్టెలో ఒకటి ఐదు రోజులుగా ఉంది. ఇంకా ఏమీ ముట్టలేదు.