క్వెస్ట్ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఫలితం నుంచి వెనక్కి నడవడం

గత పాఠంలో ఆడుతూ నోట్స్ రాసుకోవడం నేర్చుకున్నాం. ఈసారి ఆ నోట్స్‌తో అసలు పని మొదలుపెడదాం. ఒక క్వెస్ట్‌లో, అంటే గేమ్ మనకు అప్పగించే పనిలో, కారణం చెప్పకుండా మన ముందు పెట్టిన ఫలితం ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవాలి. ఉదాహరణకు ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’ (2015) అనే వీడియో గేమ్ తీసుకుంటున్నాను. అందులో వెలెన్ అనే ప్రాంతంలో జరిగే భాగం ఇంకా పూర్తి చేయనివారు దయచేసి ఇక్కడే ఆగండి. ఆడి వచ్చాక చదవండి.

వెలెన్‌లో ఒక గుట్ట కింద, చెట్టు వేళ్ల మధ్య ఒక ఆత్మ బందీగా ఉంటుంది. తనను విడిపిస్తే చిత్తడి నేలలోని అనాథ పిల్లలను కాపాడతానని మనం ఆడించే హీరో గెరాల్ట్‌కు మాట ఇస్తుంది. మనం నమ్మి విడిపిస్తాం. మాట నిలబెట్టుకుంటుంది కూడా, పిల్లలు బతుకుతారు. కానీ డౌన్‌వారెన్ అనే ఊరు నాశనమవుతుంది. ఆ తర్వాత ఆ ప్రాంతాన్ని ఏలే బారన్ భార్య అన్నా చనిపోతుంది. చివరికి ఆయన కోటకు వెళ్తే బారన్ చెట్టుకు ఉరేసుకుని వేలాడుతుంటాడు. మొదటిసారి అది చూసినప్పుడు నేను కంట్రోలర్ పక్కన పెట్టేశాను. పిల్లలను కాపాడినందుకు ఈయన ఎందుకు చావాలి?

ఇక్కడ చాలామంది చివరగా నొక్కిన డైలాగ్‌నే అనుమానిస్తారు. బారన్‌తో ఇంకోలా మాట్లాడి ఉంటే బతికేవాడేమో అనుకుంటారు. అలా కాకుండా, జరిగినదాన్ని ముందు ఒక్క వాక్యంలో రాయండి: ‘బారన్ ఉరేసుకున్నాడు.’ ఎందుకు? భార్య చనిపోయింది. ఆమె ఎందుకు చనిపోయింది? ఆ చిత్తడి నేలలో ఉండే మంత్రగత్తెలు ముగ్గురూ ఆమెను శపించి వికృత రూపంలోకి మార్చారు. ఎందుకు మార్చారు? వాళ్ల చేతిలో ఉండాల్సిన పిల్లలు తప్పించుకున్నారు, పిల్లలను చూసుకునేది అన్నానే. పిల్లలు ఎలా తప్పించుకున్నారు? ఆత్మ వల్ల. ఆత్మను వదిలింది ఎవరు?

మనమే.

ప్రతి మెట్టు దగ్గరా మీరు అడగాల్సింది ఒకటే: ‘దీనివల్ల ఎవరికి కోపం వచ్చింది, వాళ్ల కోపం ఎవరి మీద పడింది?’ మంచి క్వెస్ట్‌లో ఫలితం సాధారణంగా మనుషుల గుండా ప్రయాణిస్తుంది. పరికరం, మాయ, బాణం అన్నీ ఆ తర్వాతే.

ఇప్పుడు ఈ కారణాల గొలుసు నిజమో కాదో పరీక్షించాలి. ఆత్మ ఉన్న గుట్ట కింది గుహలోకి వెళ్లే ముందు సేవ్ (అప్పటిదాకా ఆడినది భద్రపరిచిన ఫైల్) ఉంటే దాన్ని తెరిచి, ఆ ఒక్క నిర్ణయం మాత్రమే మార్చండి. ఆత్మను చంపేస్తే పిల్లలు చనిపోతారు. అన్నా మతి చెడినా బతుకుతుంది, బారన్ ఆమెను వైద్యం కోసం దూరంగా తీసుకెళ్తాడు. రెండు మూడు నిర్ణయాలు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తేలదు. గేమ్ తనంతట తాను చేసే ఆటో సేవ్‌ను నమ్ముకోకండి, పాతదాని మీద కొత్తది పడిపోతుంది. ప్రతి పెద్ద క్వెస్ట్ ముందు మీరే వేరుగా సేవ్ చేసుకోండి.

ఇదే గేమ్‌లో, గెరాల్ట్ కూతురిలా పెంచిన సిరి సంగతి ఇంకా కష్టం. యుద్ధం తర్వాత దిగులుగా ఉన్న ఆమెతో మంచు ముద్దలు విసురుకుని ఆడామా, లేక పోనీలే అని కూర్చోబెట్టి తాగించామా అన్నది ఎన్నో గంటల తర్వాత ఆమె బతుకుతుందా లేదా అనే చోట లెక్కకు వస్తుంది. అలాంటి సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి, అన్నీ కలిసే ఎండింగ్‌ను నిర్ణయిస్తాయి. ఆ క్షణాన గేమ్ ఏమీ చెప్పదు. క్లూ చివరి దృశ్యంలో ఉంది: సిరి మనసులో మెదిలే జ్ఞాపకాలు చూడండి, అవి ఆ సందర్భాలే.

ప్రతి టెన్షన్ వెనకా ఫలితం ఉంటుందని కూడా అనుకోకండి. ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ (2009)లో దయ్యం పట్టిన బాలుడు ఉన్న రెడ్‌క్లిఫ్ కోటను వదిలి మాంత్రికుల సాయం కోసం వెళ్తే అక్కడ ఘోరం జరుగుతుందేమో అనిపిస్తుంది. వెళ్లి వచ్చినా ఏమీ జరగదు. అందుకే పరీక్షించకుండా గొలుసు పూర్తయిందని రాయకూడదు.

ఈ వారం పని: మీరు ఆడిన గేమ్‌లో మిమ్మల్ని కలవరపెట్టిన ఒక ఫలితం తీసుకోండి. మెట్టు మెట్టుగా వెనక్కి రాయండి. తెర మీద ఆధారం కనిపించిన మెట్టు పక్కన ‘చూశాను’ అని, లేనిదాని పక్కన ‘ఊహ’ అని పెట్టండి. వచ్చే పాఠంలో ఆ ‘ఊహ’ మెట్లతోనే మొదలుపెడతాం.