వర్క్‌బెంచికి కీళ్ల చెయ్యి – 4వ పాఠం: బిగించినా జారుతోందా?

ఈసారి బంతి కీలు చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి. పోయినసారి త్రీడీ ప్రింటర్‌తో ప్రింట్ చేసిన మడత కీలు (చెవుల్లాంటి పలకల్ని ఒకదాని మధ్య సందులో ఇంకోటి దూర్చి, బోల్టుతో బిగించేది) చాలామందికి నిలబడలేదు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మీరు పంపిన ఫొటోల్లో విరుపు ఒకే చోట ఉంది. చెవి మొదట్లో, పొరకీ పొరకీ మధ్య, కత్తితో కోసినట్టు నున్నగా. అంటే చెయ్యిని నిలువుగా ప్రింట్ చేశారు. పడుకోబెట్టండి, బోల్టు రంధ్రం బెడ్‌కి (ప్రింటర్ అడుగు పలకకి) సమాంతరంగా ఉండాలి. అప్పుడు పొరలు చెయ్యి పొడవునా సాగుతాయి, కింద నుంచి మోసే తాత్కాలిక సపోర్టులూ అక్కర్లేదు. గుండ్రటి చెవి బెడ్‌ని అంటుకోవడానికి నేనైతే అడుగున కాస్త చదును చేస్తాను.

ఇక అసలు పొరపాటు. సందు ఎంత బిగుతుగా ఉంటే పట్టు అంత గట్టిగా ఉంటుందనుకోవడం. ఒకరు 3 మి.మీ. మందం చెవికి సరిగ్గా 3 మి.మీ. సందు పెట్టి, సుత్తితో కొట్టి దించారు. అది మేకులా పనిచేసి పక్క చెవుల్ని మొదలంటా చీల్చింది. ఇంకొకరు 4 మి.మీ. వదిలారు. అక్కడ బోల్టు బలమంతా చెవుల్ని వంచడానికే సరిపోయింది, ఒకదానికొకటి అదుముకునేదాకా రాలేదు. నా ప్రింటర్‌కి 3.2 సరిపోతుంది.

పట్టు వచ్చేది రాపిడి నుంచి. రెండు చెవుల మధ్య ఒకటి ఉంటే రాసుకునే ముఖాలు రెండు. మూడింటి మధ్య రెండు ఉంటే నాలుగు. అదే బోల్టు, అదే బిగింపు, పట్టు మాత్రం రెట్టింపు! చెవి వెడల్పు పెంచినా లాభమే. బరువు మోసే మొదటి కీలుకి మూడు-రెండు పెట్టండి, కొసన రెండు-ఒకటి చాలు.

నైలాక్ నట్ (లోపలి నైలాన్ వలయం వల్ల తనంతట తాను తిరగని నట్) వేసినా కొన్నాళ్లకి వదులవుతోందంటే నట్ తిరగలేదు, పీఎల్ఏ (మామూలు ప్రింటింగ్ ప్లాస్టిక్) నొక్కుకుపోయింది. రెండు వైపులా వెడల్పాటి వాషర్ వేయండి. నేను పీఈటీజీ వాడతాను, అది వేడికి ఇంకాస్త తట్టుకునే ప్లాస్టిక్. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, బెంచి మీద పక్కనే ఉండే సోల్డరింగ్ ఐరన్ మొన 300 దాటుతుంది.

అభ్యాసం: 3.1, 3.2, 3.3 సందులతో మూడు చిన్న ముక్కలు ప్రింట్ చేసి, వేలితో తోస్తే దిగేది ఎంచుకోండి. ఆ కొలతతో మూడు కీళ్ల చెయ్యి చేసి, అడ్డంగా 20 సెం.మీ. చాచి, కొసన 200 గ్రాముల పప్పు పొట్లం వేలాడదీయండి. గోడ మీద పెన్సిల్ గీత పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి 2 మి.మీ. కన్నా ఎక్కువ దిగితే, ఏ కీలు జారిందో చూసి దాన్నొక్కదాన్నే మళ్లీ ప్రింట్ చేయండి.