నాన్నగారి పాత ల్యాప్‌టాప్ మళ్లీ దారిలో పడింది

2 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్‌డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇచ్చాను. బ్రౌజర్‌లో మూడో ట్యాబ్ తెరవగానే మౌస్ బాణం కూడా కదిలేది కాదు. డిస్క్ లైటు మాత్రం వెలుగుతూనే ఉండేది.

ప్రాసెసర్‌కి వయసైపోయిందనుకున్నాను. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) 'టాప్' ఆదేశం నడిపితే 'డబ్ల్యూఏ' అంకె 80 శాతం దాటి ఉంది. అంటే ప్రాసెసర్ పని లేక డిస్క్ కోసం కాచుకుని కూర్చుంది! ర్యామ్ వాడకం చూపే 'ఫ్రీ' ఆదేశం కొడితే సంగతి తేలింది: ర్యామ్ నిండిపోయి, సరుకంతా డిస్క్ మీద స్వాప్ అనే అదనపు జాగాలోకి పోతోంది.

జడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేశాను. ఇది ర్యామ్‌లోనే కొంత భాగాన్ని స్వాప్‌గా మార్చి, అందులోకి వచ్చే పేజీలను (మెమరీ ముక్కలను) కుదించి దాస్తుంది. కుదించడానికి పట్టే సమయం డిస్క్ దగ్గరికి పోయి రావడంతో పోలిస్తే చాలా తక్కువ. పాత స్వాప్‌ని తీసేయలేదు, ప్రాధాన్యం తక్కువగా ఉంచాను. ఇక స్వాపీనెస్, అంటే సరుకును స్వాప్‌లోకి ఎంత చొరవగా తోయాలో చెప్పే అంకె. మామూలుగా 60 ఉంటుంది. పాత మెషీన్ అనగానే 10కి తగ్గించమంటారు చాలామంది. డిస్క్ స్వాప్ ఒక్కటే ఉంటే ఆ మాటలో అర్థముంది. జడ్‌ర్యామ్ ఉన్నప్పుడు కాదు, ఆ స్వాప్ వేగంగా ఉంటుంది కదా. నేను 100 పెట్టాను, అప్పుడే తేడా బాగా తెలిసింది.

గ్నోమ్ డెస్క్‌టాప్ బదులు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టాను. దాంతో ఇంకొంత ర్యామ్ మిగిలింది.

ఇప్పుడు నాన్నగారు ఐదు ట్యాబులు తెరిచి పేపర్లు చదువుకుంటున్నారు. బూటవడం మాత్రం ఇంకా నెమ్మదే. దానికి ఎస్‌ఎస్‌డీ కొనాలి.