ఆ రాణి ఆ మాట నిజంగా అందా? యూరప్, అమెరికా చరిత్ర ప్రశ్నలను సరిచూసుకోవడం ఎలా

పదిహేనేళ్లుగా స్కూలు పిల్లల క్విజ్ పోటీలకు ప్రశ్నలు రాస్తున్నాను. యూరప్, అమెరికా చరిత్ర ఎప్పుడూ నా వంతుకే వస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక పోటీ చూడ్డానికి వెళ్లాను. "రొట్టె లేకపోతే కేకు తినమన్న ఫ్రాన్స్ రాణి ఎవరు?" అని అడిగారు. ఎనిమిదో తరగతి పిల్లాడు లేచి, "మేరీ ఆంటోనెట్ అంటారు సార్, కానీ ఆవిడ అలా అనలేదు" అన్నాడు. క్విజ్ మాస్టర్ చేతిలో కాగితం చూసుకుని, పేరొక్కటే చెప్పమన్నాడు. పిల్లాడు మళ్లీ అదే మాట అన్నాడు. మార్కు పోయింది. పోటీ అయ్యేదాకా వాడు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. ప్రశ్న రాసినవాళ్లు పావుగంట ఓపిక పడితే ఆ మార్కు పోయేది కాదు. ఆ పావుగంటలో ఏం చేయాలో చెబుతాను.

కావలసినవి: ఒక నోట్‌బుక్, పెన్సిల్, ఇంటర్నెట్ ఉన్న ఫోన్. పెన్సిలే వాడాలి, ఎందుకంటే తారీఖులు కనీసం రెండుసార్లు చెరిపి రాయాల్సి వస్తుంది. ఒక ప్రశ్నకు ఒక పేజీ. ఒకే పేజీలో రెండు ప్రశ్నలు ఇరికించకూడదు.

1. ప్రశ్నను ముక్కలు చేయండి

ఆ మాట ఎవరైనా అన్నారా, అన్నది ఈవిడేనా, ఎప్పుడు అన్నది? ఒక్క ప్రశ్నలో ఇలా మూడు ఉంటాయి. మూడూ విడిగా రాసుకోండి.

2. మనిషి తారీఖులు, వస్తువు తారీఖు రాయండి

మేరీ ఆంటోనెట్ 1755లో వియన్నాలో పుట్టింది. 1770లో, పద్నాలుగేళ్ల వయసులో, పెళ్లి చేసుకుని ఫ్రాన్స్ వచ్చింది. 1774లో రాణి అయింది. 1793 అక్టోబర్ 16న తల నరికే గిలటిన్ యంత్రం కింద చనిపోయింది. ఇంతే చాలు.

కథలో ఏదైనా వస్తువు ఉంటే, అప్పటికి అది ఉందో లేదో కూడా చూడండి. రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడంటారు. మంటలు లేచింది క్రీ.శ. 64లో. ఫిడేలు, వయొలిన్ లాంటి వాయిద్యాలు వచ్చింది దానికి ఎన్నో వందల ఏళ్ల తర్వాత. కాబట్టి ఆ ముక్క అక్కడికక్కడే కొట్టేయొచ్చు.

3. ఆ మాట మొట్టమొదట ఎప్పుడు రాశారో కనుక్కోండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. దయచేసి నెమ్మదిగా చదవండి.

మీకు కావలసింది సంఘటన జరిగిన ఏడు ఒక్కటే కాదు. దాన్ని కాగితం మీద పెట్టిన మొదటి మనిషి ఎవరో, ఏ ఏడు పెట్టాడో తెలియాలి. పేజీకి ఎడమ పక్క జరిగిన ఏడు, కుడి పక్క రాసిన ఏడు వేసుకుని, మధ్యలో ఎన్నేళ్ల దూరం ఉందో రాయండి.

"కేకు" మాట తత్వవేత్త రూసో ఆత్మకథలో ఉంది. యువకుడిగా ఉన్నప్పుడు ఒక ఇంట్లో పనిచేస్తూ వైన్ దొంగిలించి దాచుకున్నానని, దాంతోపాటు తినడానికి రొట్టె కావాల్సి వచ్చిందని రాస్తాడు. కత్తి కట్టుకున్న పెద్దమనిషి మామూలు రొట్టెల దుకాణానికి వెళ్తే బాగుండదని సందేహించాడు. అప్పుడు, రైతులకు రొట్టె లేదంటే "బ్రియోష్ తిననివ్వండి" అన్న ఒక గొప్ప రాకుమారి మాట గుర్తొచ్చిందట. బ్రియోష్ అంటే వెన్న, గుడ్లు వేసి చేసే మెత్తటి రొట్టె. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది కేకైంది. రాకుమారి పేరు రూసో ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు మొదటి జాగ్రత్త, తారీఖు. ఆ పుస్తకం అచ్చయింది 1782లో. చాలామంది ఇక్కడ ఆగిపోయి "1782కి ఆవిడ రాణే కదా, సరిపోయింది" అనుకుంటారు. అలా ఆగకండి. రూసో 1778లోనే చనిపోయాడు. ఈ మాట ఉన్న భాగం రాసింది 1760ల్లో, అంటే ఆవిడ ఇంకా ఫ్రాన్స్ గడప తొక్కకముందు. చెబుతున్న సంగతి 1740 ప్రాంతానిది, అప్పటికి ఆవిడ పుట్టనే లేదు. జరిగిన ఏడు, రాసిన ఏడు, అచ్చయిన ఏడు: ఈ మూడింటికీ మూడు గళ్లు గీయాలి. అచ్చయిన ఏడు తెచ్చి రాసిన ఏడు గడిలో వేస్తే లెక్కంతా తలకిందులవుతుంది. ఈ పొరపాటు నేను కూడా చేశాను, ఒకసారి కాదు, రెండుసార్లు. అందుకే మూడు గళ్లు గీయకుండా పని మొదలుపెట్టను.

రెండో జాగ్రత్త: దూరం ఎక్కువగా ఉంటే ఎవరు చెప్పారన్నది చూడండి. చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికి, నాన్న దగ్గర నిజం ఒప్పుకున్న జార్జ్ వాషింగ్టన్ కథ మన పిల్లల పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది. వాషింగ్టన్ 1799లో చనిపోయాడు. కథ అచ్చులో కనిపించింది 1806లో, వీమ్స్ అనే పాస్టర్ రాసిన జీవితచరిత్రలో. ఎవరు చెప్పారయ్యా అంటే, ఆ కుటుంబానికి దూరపు బంధువైన ఒక పెద్దావిడట. పేరు లేదు. ఆ కథ పక్కన "ఆధారం లేదు" అని రాసుకుని ముందుకు వెళ్లాలి.

మూడో జాగ్రత్త ఇంకా ముఖ్యం. ఈ పద్ధతి అలవాటైన కొత్తలో ప్రతి కథా అబద్ధమే అనిపిస్తుంది. ఆ తొందర వద్దు. న్యూటన్ యాపిల్ చూడండి. ప్లేగు వల్ల 1665, 66లో ఆయన సొంత ఊళ్లో ఉన్నాడు. కథ మనకు స్టూక్లీ అనే స్నేహితుడి రాతలో దొరుకుతుంది, అది 1752 నాటిది. దూరం ఎనభై ఏళ్లకు పైనే. కానీ స్టూక్లీ ఆ మాట విన్నది 1726లో, యాపిల్ చెట్ల నీడన టీ తాగుతూ, ముసలి న్యూటన్ నోటి నుంచే. కాబట్టి యాపిల్ పడటం చూశాననీ, ఆలోచనలో పడ్డాననీ న్యూటన్ చెప్పాడు అని ధైర్యంగా రాయొచ్చు. నెత్తిన పడిందని మాత్రం అందులో లేదు. ఒకే కథలో సగం ఉంచి సగం తీసేయాల్సి వస్తుంది, తీసేసే సగం ఏదో తెలుసుకోవడానికే ఇంత శ్రమ.

పది వెబ్‌సైట్లలో ఒకేలా ఉంటే నిజమేనని చెప్పేవాళ్లున్నారు. దానికి నేను ఒప్పుకోను. ఆ పదీ ఒకదాన్ని చూసి ఒకటి దించుకున్నవైతే పది సాక్ష్యాలు కావు, ఒకటే. మన దగ్గర చమత్కారమైన చాటుపద్యం ఏది దొరికినా శ్రీనాథుడికి కట్టబెడతాం, తెలివైన కథ ఏదైనా తెనాలి రామకృష్ణుడి ఖాతాలో వేస్తాం. ఎంతమంది చెప్పినా కట్టబెట్టిన పద్యం శ్రీనాథుడిదైపోదు. ఫ్రాన్స్‌లో అందరికీ కోపం ఉన్న రాణికి పొగరుబోతు మాట అతుక్కోవడం కూడా అలాంటిదే.

4. కొలతలు, క్యాలెండర్లు మార్చి చూడండి

నెపోలియన్ పొట్టివాడా? శవపరీక్షలో 5 అడుగుల 2 అంగుళాలని ఉంది. అవి ఫ్రెంచి అంగుళాలు, ఒక్కొక్కటి 2.7 సెంటీమీటర్లు. మన అంగుళం 2.54. లెక్క కడితే 168 సెంటీమీటర్లు, అంటే మన కొలతలో ఐదున్నర అడుగులు. ఆ కాలానికి అది పొట్టి కాదు. పాతకాలం తులం 11.66 గ్రాములు, ఇప్పుడు నగల షాపులో తులం అంటే 10 గ్రాములు. అమ్మమ్మ గొలుసు తూకం చెప్పేటప్పుడు ఏ తులమో అడగమా? ఇదీ అంతే.

క్యాలెండర్ కూడా చూడాలి. కేథలిక్ దేశాల్లో కొన్ని 1582లోనే పాత క్యాలెండర్ వదిలి, ఇప్పుడు మనం వాడే కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారాయి. బ్రిటన్ 1752లో మారింది, అక్కడ సెప్టెంబర్ 2 తర్వాతి రోజు 14. రష్యా 1918 దాకా ఆగింది. అందుకే అక్టోబర్ విప్లవం నవంబర్ 7న వస్తుంది. వాషింగ్టన్ పుట్టింది పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11, కొత్త లెక్కలో 1732 ఫిబ్రవరి 22. అప్పట్లో ఇంగ్లండ్‌లో, దాని కింద ఉన్న అమెరికా వలసల్లో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది కాబట్టి ఏడు కూడా మారింది. తిథి ప్రకారం ఒకరోజు, తారీఖు ప్రకారం ఒకరోజు పుట్టినరోజు చేసుకునే మనకు ఇది కష్టం కాకూడదు. పేజీలో తారీఖు పక్కన "పాత" లేదా "కొత్త" అని తప్పకుండా రాయండి.

5. ప్రశ్నను తిరగరాయండి

జవాబు దొరికాక ప్రశ్న మార్చాలి. "అన్న రాణి ఎవరు?" బదులు "అన్నదని ప్రచారంలో ఉన్న రాణి ఎవరు?" అని రాయండి. జవాబు కాగితంలో పేరు కింద ఇంకో వాక్యం చేర్చండి: "ఆవిడ అనలేదని చెప్పినా పూర్తి మార్కు." క్విజ్ మాస్టర్‌కి ఈ పుస్తకాలన్నీ చదివే తీరిక ఉండదు, చేతిలో ఉన్న కాగితమే చూస్తాడు. ఆ వాక్యాన్ని మాత్రం పెన్నుతో, పెద్ద అక్షరాల్లో రాయండి.