సోల్డరింగ్ స్టేషన్ కొనేముందు

అనంతపురం నుంచి బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకు వెళ్లి కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, తక్కువ ధర స్టేషన్ (వేడిని సెట్ చేసుకోగల సోల్డరింగ్ ఐరన్ సెట్టు) విషయంలో ఇవి చూసుకోండి.

• అన్నిటికన్నా ముందు ఎర్త్. ప్లగ్‌కు మూడు పిన్నులు ఉండాలి. బాక్సు విప్పగానే, కరెంటు పెట్టకముందే, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో ఉంచి ఒక ప్రోబ్‌ను ఐరన్ టిప్‌కు (సోల్డర్‌ను కరిగించే కొనకు), రెండోది ప్లగ్‌లోని పెద్ద పిన్నుకు ఆనించండి. ఒకటి రెండు ఓమ్‌లలోపే చూపించాలి. అలా చూపించకపోతే, ఎంత చవకైనా సరే, వెనక్కి పంపేయండి. ఇంట్లో సాకెట్‌ను కూడా ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. కొన్ని పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక వైరు ఉండదు. మా ఇంట్లో అంతే. సోల్డర్ చేస్తూ సర్క్యూట్ బోర్డు పట్టుకున్న వేలికి జిల్లుమన్నాకే తెలిసింది.

• 60 వాట్లు హాబీకి చాలు. 60/40 సోల్డర్ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. టిప్ 320–350 మధ్య నిలకడగా ఉంటే పని నడుస్తుంది. 480 వరకు వెళ్తుందన్న మాటకు డబ్బు పెట్టకండి.

• 900ఎం రకం టిప్పులు పట్టేదే తీసుకోండి, విడిగా సులువుగా దొరుకుతాయి. సూది మొన కన్నా ఉలి మొన టిప్ మేలు. దాన్ని ఆకురాయితో రుద్దితే పైపూత పోతుంది, ఇత్తడి పీచుతో తుడవండి.

• స్టాండు బరువుగా ఉండాలి.

• మన ఎండలకు ఫ్యాన్ కింద కూర్చోవాలనిపిస్తుంది, కానీ ఆ గాలికి జాయింటు త్వరగా చల్లారిపోతుంది. కిటికీ పక్కన కూర్చుని పొగ బయటికి పోయేలా చూసుకోండి. ఈ సోల్డర్‌లో సీసం ఉంటుంది. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినండి, పిల్లలను ఆ బల్ల దగ్గరికి రానివ్వకండి.